పాత రైలు వంతెన మీద అమ్మ

మార్చి 4

నడకదారి మీద చెక్క పలకలు పరచడం ఈ రోజుతో పూర్తయింది. చివరి పలకకి చివరి బోల్టు నేనే బిగించాను. వడ్రంగులు చప్పట్లు కొట్టారు. ఏప్రిల్ ఇరవైన ప్రారంభం.

రెండేళ్ళ కిందట ఈ వంతెనని పడగొట్టి పాత ఇనుముకి వేసేద్దామన్నారు. రైళ్ళు కొత్త దారికి మళ్ళి ఎన్నో ఏళ్ళయింది, ఇక దాని మీద తుప్పు తప్ప ఏముంది అన్నారు. ఆఫీసు పెట్టుకున్న సలహాదారు గారైతే కొత్త సిమెంటు వంతెన బొమ్మలు రంగురంగులుగా వేయించి పట్టుకొచ్చారు. నేను ఒకే మాట అన్నాను. "ఏనుగులు నడిచిన దారిలో చీమలు నడవలేవా సర్?" బొగ్గు బళ్ళు మోసిన వంతెనకి సైకిళ్ళొక లెక్కా! మా చీఫ్ ఇంజనీరు గారు నవ్వారు. ఆ నవ్వుతోనే పని నా చేతికొచ్చింది.

ఇప్పుడు అవతలి ఒడ్డు వాళ్ళు ఇటు రావాలంటే పెద్ద రోడ్డు పట్టుకుని ఊరంతా చుట్టాలి. ప్రారంభం అయ్యాక కాలినడకన పది నిమిషాలు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. "చేశావులే" అంది. టీ ఇచ్చింది. నాన్న పోయిన దగ్గర్నించి అమ్మ నా దగ్గరే ఉంటోంది. నేను పెళ్ళి చేసుకోలేదు కాబట్టి ఇంట్లో మేమిద్దరమే, గొడవ లేదు. ఆవిడకి నా తోడు ఉండాలి. మోకాళ్ళ నొప్పులు, బీపీ. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి కదా.

మార్చి 7

కటకటాలకి ఆకుపచ్చ రంగు. చీఫ్ గారు నీలం అన్నారు. ఆకుపచ్చే వేశాం.

మార్చి 11

అమ్మ అరచేతికి ఆకుపచ్చ రంగు అంటుకుని ఉంది. ఏమిటని అడిగితే, "పార్కులో బెంచీకి రంగు వేశారు, చూసుకోలేదు" అంది. మోకాళ్ళకి వ్యాయామం చేయించే అమ్మాయి రోజూ నడవమందట. అందుకని పొద్దున్నే పార్కుకి వెళుతోంది. మంచిదే. ఈ మధ్య మనిషి తేటగా ఉంది. బూట్లు కూడా కొనుక్కుంది. మందులు పనిచేస్తున్నాయి.

పార్కులో బెంచీలు సిమెంటువి. వాటికి కూడా రంగులేస్తున్నారన్నమాట. డబ్బు ఎక్కువైతే అంతే.

మార్చి 15

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

సాయంత్రం టీ తాగుతుంటే అమ్మ కప్పు కింద పెట్టి అంది, "ఏమే అమ్మడూ, నీ వంతెన ఊగుతోందే."

"ఏ వంతెన?"

"నీకెన్ని ఉన్నాయేమిటి?"

"నువ్వెప్పుడు చూశావు దాన్ని? గేటుకి తాళం ఉంటుంది."

"తాళానికి చెవి ఉంటుంది. చెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. మేడమ్ గారి అమ్మనంటే తీయడూ?"

ఆవిడ రోజూ పార్కుకని చెప్పి వంతెన మీదకే వెళుతోందట. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిలాగా. నేను తొమ్మిదింటికి పనికి వెళ్ళేలోగా నడిచి వచ్చేస్తోంది. పైగా మధ్యకి వచ్చేసరికి పక్కకి ఊగుతోందని ఫిర్యాదు.

"నీ కళ్ళు తిరిగి ఉంటాయమ్మా. బీపీ చూపించుకున్నావా?"

"నాకొక్కదానికే అయితే బీపీ అనుకుందును. ఆయనకీ తెలిసింది. కటకటం పట్టుకున్నాడు."

"ఆయనెవరు?"

అమ్మ కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాత మామూలుగా, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. అవతలి ఒడ్డున ఉంటాడట. పళ్ళ డాక్టరు, రిటైరయ్యాడు. మోకాళ్ళ వ్యాయామం చేయించే చోటే పరిచయం. ఆయన అటునించి వస్తాడు, ఈవిడ ఇటునించి వెళుతుంది. మధ్యలో కలిసి ఆ చివరిదాకా, ఈ చివరిదాకా నడుస్తారు. అటు గేటు కూడా మా వాచ్‌మనే తీస్తాడట.

"ఎన్నాళ్ళబట్టీ?"

"పలకలు పరవక ముందు నించీ. అప్పుడు ఇనుప రేకుల మీద నడిచేవాళ్ళం."

భద్రతా నిబంధనలన్నీ ఉల్లంఘన. అదే నా బాధ. నాకింకేం కోపం లేదు.

మార్చి 16

వాచ్‌మన్‌ని పిలిచి అడిగాను. తల గోక్కున్నాడు.

"మేడమ్, అమ్మగారు రోజూ నవ్వుతూ వచ్చి తలుపు తీయమంటే ఎట్లా కాదంటాను? డాక్టరు గారు కూడా మంచోరు. నా పన్ను ఊరికే చూశారు."

నోరు తెరిచి చూపించబోయాడు. వద్దన్నాను. రెండు గేట్ల తాళాలూ మార్పించాను.

మార్చి 18

ఈ రోజు నేనొక్కదాన్నే వంతెన మీద అటూ ఇటూ నాలుగుసార్లు నడిచాను. మధ్యలో నిలబడి గెంతాను కూడా. రాయిలా ఉంది. అమ్మకి చెప్పాను. "సరేలే" అంది. ఆ "సరేలే"లో నమ్మకం లేదు.

మార్చి 21

తాళాలు మార్చినందుకు అమ్మ నాతో పోట్లాడలేదు. ఇప్పుడు నిజంగానే పార్కుకి వెళుతోంది. ఆయనతో ఫోన్లో మాట్లాడుతోంది. గుసగుసగా కాదు, మామూలుగానే. అదే ఎక్కువ చికాకుగా ఉంది.

ఈ రోజు గుమ్మంలో బూట్లు విప్పుతూ అంది, "ఒక్కదానివి నడిస్తే ఏం ఊగుతుందే? ఆ రోజు పనివాళ్ళందరూ ఒకేసారి టీకి బయల్దేరారు. వంతెన నిండా జనం. అప్పుడు ఊగింది. జనం ఎక్కడానికే గదా నువ్వు కట్టింది?"

లోపలికొచ్చి బల్ల ముందు కూర్చున్నాను.

రైలు బరువు కిందికే ఉంటుంది. మనిషి అలా కాదు. అడుగు కుడికి వేసినప్పుడు కుడికి కొంచెం తోస్తాడు, ఎడమకి వేసినప్పుడు ఎడమకి. ఒక్కడు తోస్తే ఏమీ కాదు. వంద మంది తోస్తే? నేల కాస్త కదిలితే పడిపోకుండా అందరూ తెలియకుండానే ఒకేలా కాళ్ళేస్తారు. పైగా మేం పట్టాలూ, కర్ర దుంగలూ, కంకరా అన్నీ తీసేశాం. కొన్ని వందల టన్నుల బరువు. ఆ బరువు వంతెనని కదలకుండా అదిమిపెట్టి ఉండేది. ఇప్పుడది ఒళ్ళు తగ్గిన మనిషి.

పక్కవాటు కదలిక లెక్క కాగితాలు తీశాను. ఉన్నాయి. గాలికి వేసిన లెక్క ఉంది. మనుషులకి వేసింది లేదు.

బహుశా అక్కర్లేదేమో. పాత వంతెనలు గట్టివి.

మార్చి 24

పరీక్ష చేశాను. అందుకు జనం కావాలి. ఆఫీసులో అడిగితే ఎందుకని అడుగుతారు. అమ్మతో అన్నాను, ఊరికే, మాటవరసకి.

"ఎంతమంది కావాలి?" అంది.

"వంద మంది ఉంటే బాగుండును."

"ఆదివారం పొద్దున్న రమ్మంటాను."

వచ్చారు! పార్కులో నడిచేవాళ్ళు, మోకాళ్ళ వ్యాయామం వాళ్ళు, వాళ్ళ కోడళ్ళు, అల్లుళ్ళు, ఒక నవ్వుల క్లబ్బు మొత్తం. ఇటునించి అరవై మంది. అటునించి పళ్ళ డాక్టరు ఇంకో యాభై మందిని వెంటేసుకుని వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, తెల్ల టోపీ పెట్టుకుని ముందు నడుస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు. నా పళ్ళు లెక్కపెడుతున్నాడనిపించి నోరు మూసుకున్నాను.

"నమస్తే అమ్మాయ్. మీ వంతెన నాకు చాలా ఇష్టం" అన్నాడు.

"థాంక్స్" అన్నాను. అంతకంటే ఎక్కువ అనడానికేముంది?

కదలికని కొలిచే యంత్రాలు మధ్య భాగంలో మూడుచోట్ల పెట్టాను. అందర్నీ మామూలుగా నడవమన్నాను. అమ్మ మాత్రం సేనాపతిలా పక్కన నిలబడి, "కబుర్లు చెప్పుకుంటూ నడవండి, పరీక్ష రాస్తున్నట్టు మొహాలు పెట్టకండి" అని అరుస్తోంది. మొదటిసారి ఏమీ లేదు. నా గుండె తేలికపడింది. రెండోసారి అందర్నీ మధ్యకి దగ్గరగా రమ్మన్నాను.

అప్పుడు తెలిసింది. ముందు నా అరికాళ్ళకి తెలిసింది. పడవలో నిలబడ్డట్టు, చాలా చిన్నగా కుడికి, మళ్ళీ ఎడమకి. నడిచేవాళ్ళ కబుర్లు ఆగిపోయాయి. కబుర్లు ఆగగానే అడుగులన్నీ ఒక్కటైపోయాయి, ఊగడం పెరిగింది. ఒకావిడ "అయ్యో" అంది. నవ్వుల క్లబ్బు ఆయన ఒకడు కూర్చుండిపోయాడు. వెనక ఎవరో పరిగెత్తబోయారు.

"ఆగండి! ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడండి!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆగారు. నాలుగు ఊపులు ఊగి వంతెన కూడా ఆగింది.

భయపడిన ముసలావిడని పళ్ళ డాక్టరు చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకెళ్ళాడు. అమ్మ నా దగ్గరికి వచ్చింది. నేను చెప్పలేదా అంటుందనుకున్నాను. అనలేదు. నా టోపీ వంకరగా ఉంటే సరిచేసి వెళ్ళిపోయింది.

మార్చి 25

ఊగింది.

మార్చి 27

ఇంకా చీఫ్ గారికి చెప్పలేదు. భయం వల్ల కాదు. పరిష్కారంతో సహా చెప్పాలి కదా. రోగం ఒక్కటే చెప్పి మందు చెప్పకపోతే సలహాదారు గారు నన్ను నమిలేస్తారు.

మందు ఉంది. కింద దూలాల మధ్య ఏటవాలుగా అడ్డకమ్ములు వేయాలి. మధ్య భాగంలో దూలాల కింద ఇనుప దిమ్మలు వేలాడదీయాలి. వంతెన ఇటు ఊగబోతే దిమ్మలు వెనకబడి అటు లాగుతాయి. ఊపు చచ్చిపోతుంది. నా లెక్క ప్రకారం రెండు నెలల పని. ఇరవైన ప్రారంభం జరగదు.

గోరుచుట్టు మీద రోకటిపోటు. కుడివైపు దవడ పన్ను నిన్నటినించి పోటు. లవంగం నూనె రాశాను. పంటి బిగువున భరించడమంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది. అమ్మ ఒకరి పేరు చెప్పబోయింది. చెప్పొద్దన్నాను.

మార్చి 28

వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆదివారం దాకా ఊళ్ళో లేడు. రెండో ఆయన వారం తర్వాత రమ్మన్నాడు.

మార్చి 29

దవడ వాచింది. ఎల్లుండి, ఆదివారమైనా, చీఫ్ గారితో సమావేశం. ఉబ్బిన బుగ్గతో వెళ్ళి వంతెన ఊగుతోందని చెబితే జాలిపడతారు. జాలి నాకొద్దు. కాబట్టే వెళ్ళాను, వేరే కారణం లేదు. పెద్ద రోడ్డంతా చుట్టి, ముప్పావుగంట ప్రయాణం చేసి.

రిటైరయినా ఇంట్లో ఒక గది ఉంచుకున్నాడు. పాత కుర్చీ, తోలు అక్కడక్కడా చిట్లింది. కిటికీలోంచి నా వంతెన కనిపిస్తోంది. వాచ్‌మన్ లాంటివాళ్ళకి ఊరికే చూస్తాడట.

"నోరు పెద్దగా తెరవండి అమ్మాయ్" అన్నాడు. "ఊఁ. నిద్రలో పళ్ళు కొరుకుతారు. చాలాకాలంగా. మీ అమ్మగారు చెప్పారు, పక్కగదిలోకి వినిపిస్తుందని."

ఆ మాటకి జవాబు చెప్పాలనుకున్నాను. నోట్లో రెండు పనిముట్లున్నాయి.

మొద్దుబారే సూది ఇచ్చి, దీపం సరిచేశాడు. తర్వాత అన్నాడు, "ఒక మాట చెప్పాలనుంది. మీరిప్పుడు జవాబు చెప్పలేరు, అది నాకు దొరికిన అన్యాయమైన వీలు. అందుకని ముందే అడుగుతున్నాను. చెప్పమంటే కన్ను ఆర్పండి. వద్దంటే చెయ్యెత్తండి."

దీపం సూటిగా కళ్ళలో పడుతోంది. కన్ను ఆర్పాను. అది అంగీకారం కాదు.

"నా భార్య పోయి తొమ్మిదేళ్ళు. అప్పట్నించీ వంటింట్లో నిలబడే భోంచేస్తున్నాను. ఒక్కడి కోసం కుర్చీ లాగడం ఎందుకని. ఒకరోజు మీ అమ్మగారు ఇక్కడికి వచ్చారు. నేను గిన్నె పట్టుకుని నిలబడి ఉంటే చూసి, కుర్చీ లాగి, కూర్చోండి అన్నారు. అంతే సంగతి. కొంచెం తల ఇటు తిప్పండి."

తిప్పాను.

"ఆవిడని నేను చూసుకుంటానని చెప్పను. ఆవిడకి ఎవరూ చూసుకోనక్కర్లేదు, మీకూ తెలుసు. మీ నాన్నగారి జాగా నాకొద్దు. అందులో నేను పట్టను. పక్కన కాస్త చోటు చాలు. ఇప్పుడు కొంచెం నొప్పి పుడుతుంది."

పుట్టింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి. పంటి నొప్పికి అందరికీ వస్తాయి.

పుక్కిలించాక మాట్లాడే అవకాశం వచ్చింది. చాలా విషయాలు అడగొచ్చు. "వేడిది ఎప్పుడు తాగొచ్చు?" అని అడిగాను.

"రెండు గంటలాగి" అన్నాడు. గేటుదాకా వచ్చి దిగబెట్టాడు.

మంచి చెయ్యి. అది ఒప్పుకోవాలి.

మార్చి 31

సమావేశం. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

గదిలో చీఫ్ గారు, సలహాదారు గారు, నేను. బల్ల మీద ఆహ్వాన పత్రాల కట్టలు. నేను లేచి నిలబడి, "వంతెన పక్కకి ఊగుతోంది సర్. ఇరవైన తెరవకూడదు" అన్నాను.

చీఫ్ గారి చేతిలో టీ కప్పు అక్కడే ఆగిపోయింది. "కూలిపోతుందా?"

"కూలదు సర్. ఇంకో వందేళ్ళు నిలబడుతుంది. కానీ ఆ రోజు వేలమంది ఎక్కుతారు. మధ్యలో ఊగితే భయపడతారు. భయపడితే పరిగెత్తుతారు. వంతెన పడదు, మనుషులు ఒకరి మీద ఒకరు పడతారు."

సలహాదారు గారు కుర్చీలో వెనక్కి వాలారు. "నేను మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నాను. తుప్పు పట్టిన దాన్ని ముట్టుకోవద్దని."

"మీరు చెప్పింది తుప్పు గురించి సర్. తుప్పు ఎక్కడా లేదు. దీని సంగతి మీరూ చెప్పలేదు, నేనూ చూడలేదు. ఇప్పుడు చూశాను." కొలతల కాగితాలు, అడ్డకమ్ముల బొమ్మలు బల్ల మీద పరిచాను.

"ఆహ్వానాలు అచ్చయిపోయాయమ్మా" అన్నారు చీఫ్ గారు.

"అచ్చయిన కాగితాలు ఊగవు సర్. వంతెన ఊగుతోంది."

నేనింత ధైర్యంగా అనగలనని నాకు తెలుసు. ఎప్పుడూ తెలుసు. కాగితాల్లో ఒకటి తలకిందులుగా పరిచానని మాత్రం తర్వాత చూశాను.

చీఫ్ గారు చాలాసేపు బొమ్మలు చూశారు. "దీన్ని మొదట కనిపెట్టిందెవరు?"

"మా అమ్మ."

"ఆవిడా ఇంజనీరేనా?"

"కాదు సర్. మోకాళ్ళ నొప్పుల మనిషి."

ఆయన నవ్వలేదు. "ఈ పని మీ చేతిలో ఉంచాలా, ఆయనకివ్వాలా రేపు చెబుతాను" అన్నారు. సలహాదారు గారు అప్పుడే నా బొమ్మల్ని తనవైపు తిప్పుకుని చూస్తున్నారు.

ఏప్రిల్ 1

నా చేతిలోనే ఉంచారు. రెండు నెలలు.

ఏప్రిల్ 6

పనికి కావలసిన ఇనుము వచ్చింది. వెల్డింగు మొదలైంది. సంతోషంగా ఇంటికొచ్చాను. అమ్మ కూర్చోమంది.

"పన్నెండో తారీఖున మేం రిజిస్ట్రారు ఆఫీసుకి వెళుతున్నాం. ఆ తర్వాత నేను అక్కడే ఉంటాను."

"ఎక్కడ?"

"అవతలి ఒడ్డున, ఆయనింట్లో. ఇంకెక్కడ?"

"అంత తొందరేమిటమ్మా? జూన్‌లో వంతెన తెరుస్తాం. అప్పుడైతే రాకపోకలు తేలిక."

"నీ వంతెన అయ్యేదాకా ఆగడానికి నాకేమన్నా పాతికేళ్ళా?"

"నీ మందులు? బీపీ? నిన్నెవరు చూసుకుంటారు?"

అమ్మ నన్ను తేరిపార చూసింది. "తల్లీ, ఈ ఆరేళ్ళలో నా మందులు నువ్వు ఎప్పుడన్నా ఇచ్చావా?"

ఆలోచించాను. నా మందులే ఆవిడ ఇస్తుంది. జలుబు చేస్తే ఆవిరి పట్టేది ఆవిడ. గొడుగు చేతికిచ్చేది ఆవిడ.

"నాన్న ఏమనుకుంటాడు?" అన్నాను. అనకూడని మాట. నోరు జారింది.

అమ్మకి కోపం రాలేదు. "మీ నాన్న పోయే ముందు నాతో ఏమన్నాడో నీకు చెప్పలేదు. చెప్పను కూడా. అది నా సొంతం" అంది. తర్వాత నా చెయ్యి మీద చెయ్యి వేసింది. "సాక్షి సంతకం నువ్వు పెడితే నాకు బాగుంటుంది."

"ఆ రోజు పని ఎలా ఉంటుందో చూడాలి" అన్నాను.

ఏప్రిల్ 9

పన్నెండున పని చాలా ఉంది. నిజంగానే ఉంది.

ఏప్రిల్ 12

వెళ్ళాను. పెయింటు రాలేదని పని ఆగిపోయింది, ఖాళీ దొరికింది. సంతకం పెట్టాను. వంకర పోయింది. ఆఫీసువాళ్ళ పెన్నులు ఎప్పుడూ అంతే.

పళ్ళ డాక్టరు కొత్త చొక్కా వేసుకున్నాడు. గుండీలు ఒకటి అటూ ఇటూ పెట్టుకున్నాడు. అమ్మ అందరి ముందూ విప్పి సరిగ్గా పెట్టింది. నాన్న గుండీలు అమ్మ ఎప్పుడూ సరిచేయలేదు, ఆయనకి ఆ అవసరం రాలేదు. రెండూ వేరు వేరు సంగతులు. అది నాకు అక్కడ నిలబడి ఉండగా తట్టింది.

రెండు పెట్టెలు కారులో ఎక్కించాను. పెద్ద రోడ్డు వైపు తిరిగి వెళ్ళిపోయారు.

ఏప్రిల్ 13

ఇల్లు విశాలంగా ఉంది. టీ నేనే పెట్టుకున్నాను. బాగానే ఉంది.

ఏప్రిల్ 14

టీ బాగాలేదు.

ఏప్రిల్ 17

ఒక విషయం గమనించాను. అమ్మ కుట్టు మిషన్ వదిలేసి వెళ్ళింది. కాలితో తొక్కేది, ఇనుప స్టాండుది. నా చిన్నప్పుడు ఆవిడ దాని మీద ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టేది. అది లేకుండా అమ్మ ఎక్కడా ఎక్కువ రోజులు ఉండలేదు. అంటే ఒకటి రెండు నెలల్లో తిరిగి వస్తుందన్నమాట. పైకి చెప్పలేదు గానీ నాకు అర్థమైంది.

ఏప్రిల్ 20

ఈ రోజు ప్రారంభం కావలసిన రోజు. వెల్డరు నిప్పురవ్వలు నీళ్ళలోకి రాలుతుంటే చూస్తూ నిలబడ్డాను. మధ్య భాగానికి అడ్డకమ్ములు పూర్తి. సలహాదారు గారు చూసిపోవడానికి వచ్చారు. తప్పు దొరకలేదు. దిమ్మలకి తుప్పు పట్టదా అని అడిగారు. పట్టదన్నాను.

మే 2

అమ్మ ఫోన్ చేసింది. తిన్నావా అంది. తిన్నానన్నాను. ఏం తిన్నావంది. "భోజనం" అన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

మే 19

రెండో పరీక్ష. ఈసారి అధికారికంగా, చీఫ్ గారి సమక్షంలో. మూడు వందల మంది. మొదటిసారి భయపడి కూర్చుండిపోయిన నవ్వుల క్లబ్బు ఆయనే ముందు వరసలో నిలబడ్డాడు. "తేల్చుకుందామని వచ్చాను" అన్నాడు.

మామూలుగా నడిపించాను. ఏమీ లేదు. దగ్గర దగ్గరగా నడిపించాను. ఏమీ లేదు. చివరికి కావాలనే, ఒక్కసారిగా, సైన్యంలా కాళ్ళు కలిపి నడవమన్నాను. కింద దిమ్మలు మెల్లగా కదలడం కనిపించింది. పైన పలకలు కదల్లేదు. యంత్రం మీద గీత దాదాపు తిన్నగా ఉంది.

చీఫ్ గారు నా భుజం తట్టారు. "ఏనుగుల సంగతి సరే, చీమల సంగతి ఇప్పుడు తేలింది" అన్నారు.

అమ్మ అటు వరసలో ఉంది. మధ్యకి వచ్చి, కళ్ళు మూసుకుని, చేతులు వదిలేసి కాసేపు నిలబడింది. కళ్ళు తెరిచి తల ఊపింది. చీఫ్ గారి సంతకం కంటే నాకు అదే ఎక్కువనిపించింది. రాసి పెట్టుకుంటున్నాను, ఎవరూ చదవరు కదా.

జూన్ 2

ప్రారంభం అయింది. రిబ్బను, ఉపన్యాసాలు. సలహాదారు గారు కూడా మాట్లాడారు. వంతెన మొదట్నించీ తనకి ఇష్టమన్నట్టు మాట్లాడారు. మాట్లాడనీ. చీఫ్ గారు నా పని గురించి రెండు ముక్కలు చెప్పారు. తర్వాత గేట్లు తీశారు. రెండువైపుల నించీ జనం! సైకిళ్ళు, చంకలో పిల్లలు, చక్రాల కుర్చీలు, కుక్కలు. నేను మధ్యలో నిలబడి అరికాళ్ళతో విన్నాను. ఏ కదలికా లేదు.

అమ్మా, పళ్ళ డాక్టరూ అటునించి వచ్చారు. ఆయన ఒక తోపుడు బండి నెట్టుకుంటూ వస్తున్నాడు.

"ఇదేమిటి?" అన్నాను.

"మిషన్ కోసం" అంది అమ్మ. "ఇన్నాళ్ళూ దారి లేక ఆగాను. కారులో పట్టదు, లారీవాడిని పిలిస్తే దాని కాళ్ళు విరగ్గొడతాడు. ఇంటి తాళం ఇటివ్వు."

తాళం ఇవ్వలేదు. నేనే వెళ్ళాను వాళ్ళతో. ముగ్గురం కలిసి మిషన్ని గుమ్మం దాటించాం. దాని కింద నేల మీద పాత రంగు పలకలు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. మిగతా గది అంతా అరిగిపోయి ఉంది, అక్కడ మాత్రం అరగలేదు.

బండికి తాళ్ళతో కట్టాం. పళ్ళ డాక్టరు నెట్టబోయాడు. మోకాళ్ళు మొరాయించాయి. "ఇటివ్వండి" అని నేను తీసుకున్నాను. అలా, ప్రారంభం రోజున, చీఫ్ గారూ, సలహాదారు గారూ, ఊరంతా చూస్తుండగా, మెడలో ఆఫీసు బిళ్ళతో నేను కుట్టు మిషన్ని నెట్టుకుంటూ నా వంతెన దాటాను. అమ్మ ముందు నడుస్తూ, "జరగండి, జరగండి, బండొస్తోంది" అని దారి చేస్తోంది. పళ్ళ డాక్టరు పక్కన నడుస్తూ, మిషన్ పడిపోకుండా ఒక చెయ్యి దాని మీద ఆనించాడు.

మధ్యలో మెల్లగా అన్నాడు, "బరువుగా ఉందా అమ్మాయ్?"

"ఉంది డాక్టర్ గారూ" అన్నాను. "నెట్టగలను."

మిషన్ని వాళ్ళ ముందుగదిలో, కిటికీ పక్కన పెట్టాం. అమ్మ కూర్చుని చక్రం తిప్పి, ఉత్తి సూదితో కాసేపు తొక్కింది. ఆ చప్పుడు నాకు పుట్టినప్పట్నించీ తెలుసు. భోజనానికి ఉండమన్నారు. ఆఫీసులో పని ఉందని చెప్పి వచ్చేశాను.

ఆఫీసుకి ఈ రోజు సెలవు.

జూన్ 3

ఇంట్లో ఆ చోట ఏమీ పెట్టలేదు.

జూన్ 5

బోల్టులు చూసే వంకతో అవతలి చివరిదాకా నడిచాను. వాళ్ళ వీధి మొదట్లోంచి వెనక్కి వచ్చాను. బోల్టులు బాగున్నాయి.

జూన్ 9

ఆదివారం. అవతలి ఒడ్డుకి వెళ్ళాను. టోపీ పెట్టుకోలేదు, పనిముట్లు తీసుకెళ్ళలేదు. అమ్మ తలుపు తీసి, "ఏమే, ఏదన్నా పనుందా?" అంది.

"లేదు" అన్నాను. "నువ్వు కనిపించక బెంగగా ఉంది."

పళ్ళ డాక్టరు లోపల్నించి మూడో కుర్చీ లాగిన చప్పుడైంది.